పసిపిల్లల కంటి లోపల రక్తం: మా బాబుకు జరిగింది

మీ పాపకు రెండు నెలలని, ఫిట్స్ వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లారని, కంటి వెనక ఉండే పొర రెటీనాలో రక్తం ఉందని చెప్పి "పాపను ఎవరైనా గట్టిగా కుదిపారా?" అని అడిగారని రాశారు. ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసండి. నన్నూ అడిగారు.

మాది అమలాపురం దగ్గర పల్లె. నెలన్నర టీకా వేసిన చోట మా బాబుకు రక్తం ఆగలేదు. మర్నాటికి పాలు కక్కడం, మగతగా పడి ఉండటం, మాడు ఉబ్బడం. కాకినాడ పరిగెత్తాం. స్కాన్‌లో మెదడు చుట్టూ రక్తం కనిపించింది. కళ్లలో చుక్కలు వేసి, కంటి డాక్టరు తలకు లైటు కట్టుకుని చూసి, లోపల కూడా ఉందన్నారు. చీర ఉయ్యాల గట్టిగా ఊపానేమోనని మా అత్తయ్య రాత్రంతా ఏడుస్తూనే ఉన్నారు. ఉయ్యాల ఊపితే, ఒళ్లో ఆడిస్తే ఇలా రాదని డాక్టరుగారు చెప్పాకే ఆవిడ నాలుగు మెతుకులు తిన్నారు.

రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, అదే పీటీ, చాలా ఎక్కువ వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె లోపం. తల్లిపాలలో అది బాగా తక్కువ, అందుకే పుట్టగానే తొడకు 1 మి.గ్రా. ఇంజెక్షన్ వేయాలి. కాన్పయిన చోట మావాడికి వేయలేదు.

మీ పాపకూ ఇదే అని నేననను. మామూలు కాన్పులో పుట్టిన పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి రెటీనాలో రక్తం కనిపిస్తుంది, కానీ అది 4–6 వారాల్లో పోతుంది. ప్లేట్‌లెట్లు తగ్గడం, హీమోఫిలియా (పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు), రక్త క్యాన్సర్, మెదడువాపు, అరుదుగా గ్లుటారిక్ అసిడ్యూరియా అనే పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపం కూడా కారణం కావచ్చు. మంచం ఎత్తు నుంచి పడితే రెండు కళ్లలో రెటీనా అంచుల దాకా, పొరలు పొరలుగా రక్తం రావడం చాలా అరుదు. అలా ఉంటే గట్టిగా కుదిపారేమోనన్న అనుమానం రాక తప్పదు. అందుకే కోపం తెచ్చుకోకండి, పాపను ఎవరెవరు చూసుకున్నారో ఏదీ దాచకుండా చెప్పండి. ఎముకల ఎక్స్‌రే తీస్తామంటే తీయనివ్వండి.

రక్తం ఏ పొరలో ఉంది, ఎంతవరకు ఉందో రాసి, రెటీనా ఫోటోలు తీయమని అడగండి. ప్లాస్మా (రక్తం గడ్డకట్టడానికి ఎక్కించే రక్తద్రవం) ఎక్కించకముందు తీసిన రక్తంతో పీటీ చేశారో లేదో కూడా కనుక్కోండి. ముందుగా పాప పుట్టినప్పటి కాన్పు చీటీ వెతకండి, విటమిన్ కె వేసినట్టు లేకపోతే ఈ రాత్రే డ్యూటీ డాక్టరుకు చూపించండి.