రాజులు, జమీందార్లు పోయాక ఇంకా అణచివేత ఎక్కడుంది?

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "మా పల్లెలో ఎవరూ ఎవర్నీ కొట్టట్లేదు కదా" అని కూడా అన్నారు.

మొదట్లో తత్వవేత్తలదీ దాదాపు ఇదే లెక్క. 17వ శతాబ్దంలో జాన్ లాక్‌కి అది పాలకుడి జులుం. 1859లో జాన్ స్టువర్ట్ మిల్ ఇంకో అడుగు వేశాడు: చట్టం ఊరుకున్నా నలుగురి నోటికి జడిసి మనిషి అణిగిపోతాడని. మార్క్స్ దృష్టి యజమాని, కార్మికుల సంబంధం మీద.

నా మటుకు అసలు మలుపు 1936లో అంబేద్కర్ రాసింది. కులం విభజించేది పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లని కూడా. అదీ ఒకరి కింద ఒకరుగా. కింది మెట్ల మీదున్నవాళ్లలో చాలామందికీ తమ కింద ఇంకొకరు ఉంటారు కాబట్టి అందరూ కలిసి తిరగబడటం కష్టం.

1990లో అమెరికా తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ అన్నది, అణచివేతకి దుర్మార్గుడే ఉండక్కర్లేదని. మామూలు అలవాట్లు చాలు. శనక్కాయ చేలో ఆడవాళ్లకి కూలి తక్కువెందుకని రైతును అడగండి. "ఊళ్లో రేటే అంత" అంటాడు. నిజమే చెప్తున్నాడు, పైగా ఆయన నెత్తిన అప్పులు. ఎవరి తప్పని పట్టుకుంటాం?

అదే మాట ఆ కూలి మనిషి అడిగితే "నీకేం తెల్సు, ఊరుకో" అంటారు. ఫలానావాళ్ల మాటకు విలువ తగ్గించడమూ అన్యాయమేనని 2007లో బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ వాదించింది.