నాన్నకు ఆఫీసు పని, చంకలో పాపాయి

ఈసారి మాకు బెంగళూరు నుంచి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. భర్త ఆఫీసు పని మీద యూరప్ వెళ్తున్నారు, వెంట భార్య, ఏడాది కూడా నిండని బిడ్డ. నాలుగింటికీ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా వారు సెప్టెంబరులో రెండు వారాలు ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నారు. నన్నూ బాబునీ కూడా రమ్మంటున్నారు. అప్పటికి బాబుకి తొమ్మిది నెలలు నిండుతాయి. ఆయన టికెట్ కంపెనీ ట్రావెల్ డెస్క్ తీస్తుంది, బిజినెస్ క్లాస్ ఇస్తారట. మాది మేమే కొనుక్కోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: టికెట్ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ముందు బాబు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆ తర్వాతే టికెట్ డబ్బు కట్టండి.

పాస్‌పోర్టు పని ఎక్కువగా జనన ధ్రువపత్రం దగ్గరే ఆగుతుంది. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి పుట్టిన తేదీ రుజువుగా ఆ పత్రం ఒక్కటే చెల్లుతుంది. బారసాల కాకముందే నమోదైపోతుంది కాబట్టి చాలా పత్రాల్లో బిడ్డ పేరే ఉండదు. పేరు చేర్పించుకున్నాకే అప్లై చేయండి. మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు ఉంది: తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బిడ్డ పత్రంలో పొడి అక్షరం ఉంటుంది. రెండూ ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించండి. పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులు ఇచ్చే ప్రకటన పత్రం, అంటే అనెక్షర్ డి, మీద ఇద్దరూ సంతకం చేయాలి. ఏ పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్ళినా నాలుగేళ్ళలోపు పిల్లల ఫోటో మీరే తీసుకెళ్ళాలి. తెల్ల దుప్పటి మీద బాబుని వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీ వెలుగులో పైనుంచి తీస్తే నేపథ్యం తెల్లగా వస్తుంది, పట్టుకున్న చెయ్యి ఫోటోలో పడదు.

వీసాకి ముగ్గురివీ మూడు వేర్వేరు దరఖాస్తులు. ఆయనది బిజినెస్, మీ ఇద్దరిదీ టూరిస్ట్. మీ వాటికి ఆయన ఆహ్వాన పత్రం నకలు, పెళ్ళి సర్టిఫికెట్, బాబు జనన పత్రం, కలిసి వెళ్తున్నామని ఒక కవరింగ్ లెటర్ జతచేయండి. జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి ఒకటే పనికొచ్చే ఈ షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళలోపు పిల్లలకి లేదు. సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయవచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, బాబుకి కూడా ఉండాలి. కంపెనీ ఇచ్చేది సాధారణంగా ఉద్యోగికే వర్తిస్తుంది.

ఇక టికెట్లు. రెండేళ్ళలోపు బిడ్డ ఒళ్ళో కూర్చుంటే అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా పెద్దవాళ్ళ చార్జీలో 10 శాతం, పైన పన్నులు. ఆ 10 శాతం ఎవరి టికెట్‌తో జతచేస్తే వాళ్ళ క్లాసుని బట్టి లెక్క కడతారు కాబట్టి బాబుని మీ టికెట్‌లోనే చేర్చండి. అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆయన పీఎన్‌ఆర్ వేరు, మీది వేరు. మీరు ఒక కుటుంబమని ఎయిర్‌లైన్ సిస్టమ్‌కి తెలియదు. మీటింగ్ రెండు రోజులు వాయిదా పడితే ట్రావెల్ డెస్క్ ఆయన టికెట్ మార్చేస్తుంది, మీది అక్కడే ఉండిపోతుంది. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్‌ఆర్‌లూ చెప్పి లింక్ చేయమనండి. దానివల్ల సీట్లు పక్కపక్కన అడగడం తేలికవుతుంది, అంతే. ఒకటి మారితే రెండోది దానంతట అది మారదు. అందుకే మీ టికెట్ నాలుగు వేలు ఎక్కువైనా తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి.

ఆయన బిజినెస్‌లో, మీరు ఎకానమీలో వద్దు. మేం గట్టిగా చెప్పేది ఇదే. పది గంటల ప్రయాణంలో మీరు బాత్రూమ్‌కి వెళ్ళాలంటే బాబుని అందుకునే చెయ్యి పక్కనే ఉండాలి. మిమ్మల్ని ముందు క్యాబిన్‌లోకి రానివ్వరు, ఆయన వెనక్కి వచ్చినా కూర్చోడానికి చోటుండదు. తనకు ఎకానమీయో ప్రీమియం ఎకానమీయో తీయమని, మిగిలిన తేడా మీ టికెట్‌కి వాడుకోవచ్చా అని ఆయన హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడగాలి. ఒప్పుకునే కంపెనీలున్నాయి. అయితే మీ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే అది ఆయన ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది.

ఉయ్యాల, అంటే బాసినెట్, టికెట్ కొన్నరోజే ఫోన్‌లో అడగండి. అది క్యాబిన్ ముందు గోడకి తగిలించేది, విమానం మొత్తానికి కొన్నే ఉంటాయి. ఎయిర్‌లైన్‌ని బట్టి 10 నుంచి 14 కేజీల దాకా మోస్తుంది, పొడవుకీ పరిమితి ఉంటుంది. బాబుని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేసి చూసుకోండి. సీట్‌బెల్ట్ దీపం వెలిగిందంటే నిద్రపోతున్న బిడ్డని కూడా తీసి ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. ఆ వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి టేకాఫ్‌కి బ్యాగులన్నీ పైకి పోతాయి. రెండు డైపర్లు, తుడిచే కాగితాలు, ఒక జత బట్టలు, పాలసీసా చిన్న సంచీలో విడిగా ఉంచుకుని, బెల్ట్ దీపం ఆరగానే మొదట దాన్ని దించుకోండి. ఇంటి నుంచి హోటల్ దాకా మొత్తం 18 గంటలు అనుకుని 12 డైపర్లు పెట్టుకోండి.

యూరప్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే బయలుదేరతాయి. టికెట్ మీద 14వ తేదీ తెల్లవారుజాము అని ఉంటే 13 రాత్రే దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో ఉండాలి, రెండో టెర్మినల్‌లో.

ప్రశ్న: మా పాపకి పది నెలలు, ఉగ్గు, నెయ్యన్నం తప్ప ముట్టదు. అత్తయ్యగారు నెయ్యి సీసా, సున్నుండలు సర్దుతున్నారు. పాలపొడి, నీళ్ళు సెక్యూరిటీలో ఆపేస్తారా? మ్యూనిక్ వెళ్తున్నాం. – కె.ఆర్.పురం

జవాబు: అత్తయ్యగారి ప్రేమ కాదనలేం గానీ, నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచండి. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి సామానులో తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. నెయ్యి, నేతి సున్నుండలు, కోవా అన్నీ ఆ కిందికే వస్తాయి. పసిపిల్లల పాలపొడికి, ఆహారానికి మాత్రం మనిషికి 2 కేజీల దాకా మినహాయింపు ఉంది. అది ఫ్రిజ్ అవసరం లేనిదై, కంపెనీ ప్యాకింగ్‌లోనే ఉండాలి. వాడుకలో ఉన్న ఒక డబ్బా మూత తీసి ఉన్నా ఫర్వాలేదు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన ఉగ్గు పొడిలో పాలూ నెయ్యీ ఉండవు కాబట్టి ఈ నిషేధం దానికి తగలదు. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టుకోవద్దు. అన్నంలోకి అక్కడ వెన్న కొని కాచుకుంటే అరగంటలో నెయ్యి అవుతుంది.

సెక్యూరిటీలో 100 మిల్లీలీటర్ల నిబంధన పసిబిడ్డ పాలకు, ఆహారానికి వర్తించదు. ప్రయాణానికి సరిపడా తీసుకెళ్ళవచ్చు. స్కానర్ దగ్గర మీరే చెప్పి, బయటికి తీసి ట్రేలో పెట్టండి. పరీక్షిస్తామంటే ఇవ్వండి.

పాలపొడిని ఒక్కో పూటకి కొలిచి పొడి డబ్బీల్లో వేసుకోండి. ఐదు పూటలు అనుకుంటే ఏడు పెట్టుకోండి, విమానం ఆలస్యమైతే ఆ రెండే ఆదుకుంటాయి. పొడిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని నీళ్ళతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్లాస్కులో నీళ్ళు కొన్ని గంటలకే ఆ వేడి కోల్పోతాయి, తర్వాత సిబ్బందినడిగి మరిగిన నీళ్ళు తీసుకోండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి, పాప నోరు పెట్టాక మిగిలినవి గంట దాటితే పారబోయాలి. పిండిన తల్లిపాలు బయట నాలుగు గంటలు, ఐస్ ప్యాకులున్న సంచీలో 24 గంటలు ఉంటాయి.

దిగడానికి అరగంట ముందు చెవుల్లో ఒత్తిడి మొదలవుతుంది. పిల్లలు ఏడ్చేది అప్పుడే. చప్పరిస్తూ మింగుతుంటే చెవులు తెరుచుకుంటాయి, అందుకని ఒక పూట పాలు ఆ సమయానికి మిగల్చండి. నిద్రలో ఉన్నా లేపి పట్టండి. నిద్ర కోసం జలుబు మందో, అలర్జీ సిరప్పో పొయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొందరు పిల్లల్లో అది ఊపిరిని మందగింపజేస్తుంది.

ప్రశ్న: ఆదివారం జర్మనీలో దిగి సోమవారం పొద్దున్నే నాకు ప్రెజెంటేషన్. బాబుకి ఎనిమిది నెలలు. నిద్ర ఎలా సర్దుకుంటాడు? – ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: సోమవారానికి సర్దుకోడు. వేసవి వేళల్లో జర్మనీ మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున ఆరింటికి లేచే బాబు అక్కడ రాత్రి రెండున్నరకి లేచి ఆడుకోమంటాడు, సాయంత్రం నాలుగున్నరకి పడుకోబోతాడు. రోజుకి గంట చొప్పున జరిగితే మూడు నాలుగు రోజులు పడుతుంది. శుక్రవారమే దిగండి. సాయంత్రం ఆరు దాకా ఆరుబయట వెలుగులో తిప్పండి, రాత్రి లేస్తే దీపం వేయకుండా పాలు పట్టి పడుకోబెట్టండి. ముందే దిగడంలో ఇంకో లాభం: జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారమే డీఎమ్, రాస్‌మన్ లాంటి షాపుల్లో డైపర్లు కొనిపెట్టుకోవచ్చు.

పని రోజుల్లో మీరు లేనట్టే లెక్క వేసి బస చూడండి. హోటల్ గది వద్దు, వంటగది, విడి పడకగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మీ ఆఫీసుకి పదిహేను నిమిషాలు దూరమైనా ఫర్వాలేదు, పార్కు, కిరాణా మీ ఆవిడకి నడిచే దూరంలో ఉండాలి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, కుక్కర్‌కి అడాప్టర్ పెట్టుకోండి.

ప్రశ్న: మా వారు ఇంకో వారం ఉండిపోతారు, పాపతో నేనొక్కదాన్నే తిరిగి రావాలి. జర్మనీలో టాక్సీ ఎక్కితే పాపని ఒళ్ళో పెట్టుకోవచ్చా? – జయనగర్

జవాబు: ఒళ్ళో వద్దు. అక్కడ 12 ఏళ్ళలోపు, 150 సెంటీమీటర్లలోపు పిల్లలకి కారులో తగిన సీటు చట్టప్రకారం ఉండాలి. టాక్సీ బుక్ చేసేటప్పుడే పాప వయసు, బరువు చెప్పి సీటు అడగండి. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే రైలే నయం: ఎయిర్‌పోర్టు నుంచి ప్రధాన స్టేషన్‌కి ఎస్8, ఎస్9 రైళ్ళలో పావుగంట లోపే. ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు.

ఒక్కరే తిరిగి వస్తున్నారు కాబట్టి, పాపని తీసుకెళ్ళడానికి తండ్రికి సమ్మతమేనని తేదీలు, విమానం నంబర్లతో ఇంగ్లీషులో ఒక లేఖ రాయించి బయలుదేరేముందే బెంగళూరులో నోటరీ చేయించండి. దానికి ఆయన పాస్‌పోర్టు నకలు, పాప జనన పత్రం జతచేసి చేతి సంచీలో ఉంచండి. స్ట్రోలర్ విమానం తలుపు దగ్గరే తిరిగి ఇస్తారన్న నమ్మకం లేదు, బ్యాగులతో పాటు బెల్టు మీదికి రావచ్చు. పాపని ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సెక్యూరిటీలో మాత్రం దాన్ని విప్పి స్కానర్‌లో పెట్టమంటారు.