సర్కారు బడి ప్రార్థనలో శ్లోకం: అభ్యంతరముంటే రాసివ్వాలా?

ప్రశ్న: మా పాప కర్నూలు దగ్గర జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. ప్రార్థనలో రోజూ చేతులు జోడించి శ్లోకం చెప్పాలి. అడిగితే హెడ్మాస్టరు "అభ్యంతరముంటే రాసివ్వండి, మీ పాపను వదిలేస్తాం" అన్నారు. ఇది సబబేనా? సెక్యులరిజం అంటే బడిలో మతం మాటే ఎత్తకూడదా?

జవాబు: రాసివ్వనక్కర లేదండీ. ఎందుకో చెప్పేముందు నేనొకటి ఒప్పుకోవాలి. కడప జిల్లా జడ్పీ హైస్కూళ్ళలో ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒక బడిలో ప్రార్థనకు సరస్వతి శ్లోకం పెట్టించింది నేనే. భక్తి కొద్దీ కాదు, పిల్లోళ్ళకు ఒత్తులు పలకవని. 'భారతం'ను 'బారతం' అనే నోళ్ళు రెండు నెలల్లో దారికొచ్చాయి. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

మరుసటేడు ఎనిమిదో తరగతి పిల్లోడొకడు చేతులు జోడించకుండా బిగదీసుకుని నిలబడుతున్నాడని డ్రిల్లు మాస్టరు పట్టుకొచ్చాడు. కాగితాల్లో వాళ్ళు ఎస్సీలు, వాళ్ళమ్మ ఆదివారం చర్చికి పోయే మనిషి. మా హెడ్మాస్టరూ మీ హెడ్మాస్టరన్న మాటే అన్నాడు, రాసివ్వమని. ఆమె సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "కాగితం మీద వద్దు సార్. కిరస్తానమని రాసిస్తే రేపు వాని సర్టిఫికెట్ కాడ అడ్డమొస్తాది. వాన్నే చేతులు జోడించమంటాలే" అంది. ఎస్సీ హోదా 1950 నాటి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఆ ఒక్క కాగితం ఖరీదెంతో బడిలో ఉన్న పన్నెండు మంది అయ్యవార్లలో ఎవరికీ తట్టలేదు. ఆమెకు తెలుసు.

తర్వాత రాజ్యాంగం తీసి చదివితే ఇంకా సిగ్గేసింది. 28వ అధికరణంలో మొదటి క్లాజు, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదంటుంది. దానికి సమ్మతితో పనిలేదు. సమ్మతి మాట ఉన్నది మూడో క్లాజులో. అది ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న సంస్థల గురించి: సమ్మతి లేనిదే ఎవర్నీ మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. అక్కడైనా సమ్మతి ఉందని చూపాల్సింది బడి. అభ్యంతరం రాసిచ్చే బరువు తల్లి మీద పెట్టమని అందులో లేదు. 'సెక్యులర్' అన్న మాటను 1976లో ఎమర్జెన్సీలో ఇరికించారని స్టాఫ్ రూములో ఒకాయన ఎప్పుడూ వాదించేవాడు. మాట 42వ సవరణతో వచ్చిందే, నిజం. 28వ అధికరణం మాత్రం 1950 నుంచీ ఉంది.

ఒక మెలిక ఉంది, దాచను. మొదటి క్లాజులో 'మతబోధ' అనే ఉంది, 'ఆరాధన' లేదు. ఉదయం ప్రార్థన బోధ కిందికి వస్తుందా అన్నది అక్కడే తగులుకుంటుంది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన మీద కేసు వేస్తే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు బెంచి దాన్ని రాజ్యాంగ ధర్మాసనం చూడాలంది. కాబట్టి "చట్టం నా వైపే" అని గొంతు పెంచి పోకండి. 1986 నాటి కేరళ కేసు మాత్రం మీకు పనికొస్తుంది. జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, తిరిగి చేర్చుకోమంది సుప్రీంకోర్టు. జాతీయగీతానికే అంత వెసులుబాటుంటే శ్లోకానికి ఉండదా?

ఇక మతం మాటే ఎత్తకూడదా అంటే, అట్లయితే తెలుగు పాఠం మూసేయాల్సిందే. నా సర్వీసులో గజేంద్రమోక్షం పద్యాలు అందరికంటే బాగా చదివింది ఒక దూదేకుల పిల్ల. (పోతన మా ఒంటిమిట్ట వాడా, ఓరుగల్లు వాడా అన్న తగువు ఇక్కడ వద్దు.) ఆ పిల్ల చదివింది పద్యం. విష్ణువును నమ్ముతావా అని నేనూ అడగలేదు, పరీక్షా అడగలేదు. మతాల గురించి చదవడం వేరు, మతబోధ వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో కోర్టు కూడా చెప్పింది.

మా వాళ్ళు ఇంకో మాట అంటారు: ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు, స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని వస్తారు, పెద్ద దర్గాకు హిందువులు పోతారు, మరి బడిలో శ్లోకానికేం తంటా? వాళ్ళు ఇష్టమై పోతారు సామీ. అక్కడ అటెండెన్సు వేయరు, చేతులు జోడించకుంటే డ్రిల్లు మాస్టరు పట్టుకుపోడు.

మేం చివరికి శ్లోకం తీసి రోజుకో వేమన పద్యం పెట్టాం. వంతుల వారీగా ఒకరు చదవడం, ఇంకొకరు అర్థం చెప్పడం. ఒత్తులు దానితోనూ పలికాయి. ఆ పిల్లోడు తన వంతు రోజు మధ్యలో మరిచిపోయి నవ్వేశాడు, వెనక వరసలోంచి ఎవరో అందించారు.

మీరు ఒంటరిగా పోవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు. ఇద్దరు ముగ్గురిని కలుపుకొని అందులో అడగండి. "మా పాపను వదిలేయండి" అని కాదు, "అందరూ చెప్పగలిగేది పెట్టండి" అని. హెడ్మాస్టరు వినకుంటే జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓకు) అర్జీ పెట్టండి. దాంట్లో పాప పేరు, మీ మతం రాయనక్కర లేదు, బడి పేరు చాలు.