టార్క్ కొలిచే పనిముట్లు: మెకానికల్ విద్యార్థికి ఇందులో కెరీర్ ఉందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మామూలు రెంచ్‌కీ, బ్యాటరీ స్క్రూడ్రైవర్‌కీ ఎలక్ట్రానిక్ టార్క్ (తిప్పే బలం) కొలత జోడించడం ప్రాజెక్టుగా తీసుకుందామనుకుంటున్నాను. ‘అది ఎలక్ట్రానిక్స్ వాళ్ల పని, నువ్వు ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేసుకో’ అంటున్నారు ఇంట్లో. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇంట్లోవాళ్ల టెన్షన్ నాకు అర్థమైంది. కానీ ఇది ఎలక్ట్రానిక్స్ వాళ్ల పని అన్న మాట మాత్రం సగమే నిజం. తెర మీద ఒక అంకె చూపించడానికి ఎలక్ట్రానిక్స్ చాలు. ఆ అంకెను నమ్మొచ్చని రుజువు చేయడానికి బోల్టు, లోహం, రాపిడి తెలిసినవాళ్లు కావాలి. ఈ రంగంలో జీతం ఇచ్చేది ఆ రుజువుకే.

ఎందుకో చూడండి. బోల్టు బిగించినప్పుడు మనకు అసలు కావాల్సింది రెండు భాగాలను అదిమి పట్టే బలం. మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం వరకు బోల్టు మరల (థ్రెడ్ల) మధ్య రాపిడి తినేస్తుంది. బిగింపు బలంగా మారేది సుమారు 10 శాతం. అదే బోల్టుకు కాస్త నూనె రాసి అంతే టార్క్ పెడితే బిగింపు బలం బాగా పెరిగిపోయి, బోల్టు సాగిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే కీలకమైన జాయింట్లకు టార్క్‌తో పాటు ఎంత కోణం తిరిగిందో కూడా నమోదు చేస్తారు. టార్క్ సరిగ్గా వచ్చి కోణం తక్కువుంటే మర మధ్యలో పట్టేసిందేమో చూడాలి. కోణం మరీ ఎక్కువుంటే బోల్టు సాగిందనో, మర చెడిందనో అనుమానించాలి. అనుకున్న టార్క్ రాగానే ‘టక్’మనే పాత రెంచ్ ఈ సంగతులేవీ చెప్పలేదు, ఎక్కడా రాసి పెట్టదు కూడా.

వాహనాలు, విమానాలు, గాలిమరలు, వైద్య పరికరాలు తయారుచేసేచోట ఈ రికార్డు కావాలి. పనిముట్లు, సెన్సర్లు తయారుచేసే కంపెనీల్లో డిజైన్, టెస్టింగ్ ఉద్యోగాలుంటాయి. కర్మాగారాల్లో బిగింపు ప్రక్రియ చూసుకునే ఇంజనీర్లుంటారు. పరికరం చూపే కొలత సరైనదేనా అని సరిచూసే క్యాలిబ్రేషన్ ల్యాబులు ఉండనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇందులో ఉండవు, ఆ మాట దాచను. అయితే మెకానికల్, ఎలక్ట్రానిక్స్ రెండూ చేత్తో చేసి చూపించగలిగేవాళ్లు కూడా తక్కువే.

ఇక ప్రాజెక్టు సంగతి. ముందు చేతి రెంచ్‌తోనే మొదలుపెట్టండి. 16 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు షాఫ్ట్ మీద 50 న్యూటన్ మీటర్ల టార్క్ పెడితే, దాని ఉపరితలం మీద 45 డిగ్రీల దిశలో సాగుదల పది లక్షల్లో 390 వంతులు ఉంటుంది. ఆ దిశలో నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు (లోహంతో పాటు సాగినప్పుడు విద్యుత్ నిరోధం మారే పలుచటి రేకులు) అతికించి, ఆ చిన్న మార్పును వోల్టేజిగా చూపే వీట్‌స్టోన్ బ్రిడ్జి సర్క్యూట్‌గా కలిపి 5 వోల్టులు ఇస్తే మీ చేతికొచ్చే సంకేతం సుమారు 4 మిల్లీవోల్టులు. దాన్ని పెంచాలి, నాయిస్ (సంకేతంలో కలిసే అనవసరపు హెచ్చుతగ్గులు) వడగట్టాలి, వేడికి సున్నా జారిపోకుండా చూసుకోవాలి. ఈ లెక్క మీరే కాగితం మీద ఒకసారి వేసుకోండి. మెటీరియల్స్ సబ్జెక్టులో చదివిన టోర్షన్ సూత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

గేజ్ అతికించడం దగ్గరే చాలా ప్రాజెక్టులు పాడవుతాయి. లోహాన్ని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, జిడ్డు పోయేదాకా ఆల్కహాల్‌తో తుడిచి, గీత గీసుకుని, పలుచగా జిగురు వేసి, బొటనవేలితో కదలకుండా నొక్కి పట్టాలి. జిగురు మందంగా ఉన్నా, కింద గాలి బుడగ మిగిలినా రీడింగ్ నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. కోడ్ ఎంత బాగా రాసినా ఆ తప్పు పోదు.

ఇంకో చిక్కుంది, ఇంటర్వ్యూలో ఇది చెబితే మీరు నిజంగా పని చేశారని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. సులువుగా ఉంటుందని చాలామంది గేజ్‌లను రెంచ్ పిడి మీద, వంపు కొలిచేలా అతికిస్తారు. బోల్టు కేంద్రం నుంచి గేజ్ 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. చెయ్యి 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని క్యాలిబ్రేట్ చేశారు. తర్వాత ఎవరో 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని లాగారు. బోల్టు మీద టార్క్ అంతే ఉన్నా రీడింగ్ 10 శాతం తక్కువ చూపిస్తుంది. గేజ్‌లను బోల్టు దగ్గరి షాఫ్ట్ మీదికి మార్చడమో, పిడి మీద రెండు చోట్ల కొలిచి లెక్క సరిచేయడమో చేయాలి. ఈ రెండింటిలో ఏదెందుకు ఎంచుకున్నారో మీ రిపోర్టులో రాయండి.

క్యాలిబ్రేషన్‌కు పెద్ద యంత్రం అక్కర్లేదు. అడ్డంగా అర మీటరు పొడవున్న కడ్డీకి 10 కిలోల బరువు వేలాడదీస్తే, కడ్డీ సొంత బరువు పక్కన పెడితే, సుమారు 49 న్యూటన్ మీటర్లు. బరువులు పెంచుకుంటూ వెళ్లి, మళ్లీ తగ్గించుకుంటూ వచ్చి రెండు వరసలూ నమోదు చేయండి. రెండూ కలవకపోతే ఎంత తేడా వచ్చిందో దాచకుండా రాయండి. టార్క్ రెంచ్‌లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789 చదవండి. 10 న్యూటన్ మీటర్లు దాటిన చాలా రకాల రెంచ్‌లకు అది 4 శాతం వరకు తేడాను అనుమతిస్తుంది. వేరే పద్ధతి పెట్టుకోకపోతే ఏడాదికో, 5000 బిగింపులకో ఒకసారి క్యాలిబ్రేట్ చేయమంటుంది.

బ్యాటరీ స్క్రూడ్రైవర్ రెండో దశలో పెట్టుకోండి. డీసీ మోటారులో టార్క్ కరెంటుకు అనుపాతంలో ఉంటుంది కాబట్టి కరెంటు కొలిస్తే చాలనిపిస్తుంది. గేర్లలో రాపిడి, మోటారు వేడి ఆ లెక్కను తారుమారు చేస్తాయి. పైగా కరెంటు ఆపినా మోటారు లోపల తిరుగుతున్న భాగం, అంటే రోటార్, వెంటనే ఆగదు. గట్టి జాయింట్ 30 డిగ్రీల లోపే బిగిసిపోతుంది, ఆ కాస్త తిరుగుడులో రోటార్ వేగం మొత్తం బోల్టు మీద పడి టార్క్ అనుకున్నదాన్ని దాటిపోతుంది. బిగిసే ముందు వేగం తగ్గించే ప్రోగ్రామ్ రాయగలిగితే మంచి ప్రాజెక్టు అయినట్టే. దెబ్బలు కొడుతూ బిగించే ఇంపాక్ట్ రెంచ్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. దాని దెబ్బలు మిల్లీసెకన్లలో వచ్చిపోతాయి, వాటి నుంచి బోల్టు మీది అసలు టార్క్ తేల్చడం అనుభవజ్ఞులకే కష్టం.

చివరి సంవత్సరం ఎలక్టివ్స్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ లేదా మెకట్రానిక్స్ తీసుకోండి. సి భాషలో మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్, డేటా విశ్లేషణకు పైథాన్ నేర్చుకోండి. ఇవి ఎటూ సాఫ్ట్‌వేర్ నైపుణ్యాలే, రేపు దారి మార్చుకోవాలనిపించినా వృథా కావు, ఇంట్లో ఆ సంగతి చెప్పండి. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి నుంచి ఒక స్నేహితుణ్ని టీమ్‌లోకి తీసుకోండి. గేజ్ అతికించడం, క్యాలిబ్రేషన్ మాత్రం అతనికి వదిలేయకుండా మీ చేత్తోనే చేయండి.