ముందు కొట్టింది వాళ్లే, కేసు మాత్రం నా మీద పెట్టారు. ఏం చేయాలి?

ముందు టెన్షన్ తగ్గించుకోండి. 2024 జులై 1న గానీ, ఆ తర్వాత గానీ జరిగిన గొడవకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) వర్తిస్తుంది. మామూలు దెబ్బలైతే సెక్షన్ 115(2): ఏడాది వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇది బెయిల్ వచ్చే నేరం. దెబ్బ తిన్నవాళ్లు ఒప్పుకుంటే రాజీ కూడా కుదురుతుంది. ఆయుధం వాడారనో, ఎముక విరిగిందనో రాస్తే కేసు బరువు పెరుగుతుంది, అందుకే ఎఫ్‌ఐఆర్ కాపీలో సెక్షన్లు చూడండి.

మీకు అసలు బలం ఆత్మరక్షణ హక్కు. మీ మీదికి వచ్చినవాణ్ణి అడ్డుకోవడానికి కొట్టడం నేరం కాదు. అయితే అవసరానికి మించి కొట్టకూడదు. అతను వెనక్కి తగ్గాక, పారిపోతుంటే వెంటపడి కొడితే ఈ వాదన నిలబడదు. ఇక్కడే చాలామంది కేసు పోగొట్టుకుంటారు. ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే, కానీ సందేహానికి తావులేనంతగా నిరూపించక్కర్లేదు, అలా జరిగి ఉండొచ్చని కోర్టుకు నమ్మకం కలిగితే చాలు.

కాబట్టి మీ ఒంటిమీద దెబ్బలుంటే ఈరోజే ప్రభుత్వాసుపత్రిలో చూపించి రికార్డు చేయించండి. సీసీ కెమెరా ఫుటేజ్ చెరిగిపోకముందే అడగండి. మీరూ ఫిర్యాదు ఇవ్వండి. అవతలివాళ్లకు ఫోన్ చేసి బెదిరించడం, బతిమాలడం మాత్రం వద్దు, ఏదైనా లాయర్ ద్వారానే.