స్ట్రీక్ పెట్టినా మూడో రోజుకే యూజర్లు జారిపోతుంటే

మీ యాప్‌లో స్ట్రీక్ (వరుసగా ఎన్ని రోజులు వాడారో చూపే లెక్క) పెట్టినా యూజర్లు నిలవడం లేదని అడిగారు కదా. తప్పు స్ట్రీక్‌ది కాదు, మీ రిమైండర్ అసలు ఫోన్లో మోగడం లేదనుకుంటా. ఖర్చులు రాసుకునే యాప్ అన్నారు, తెరవగానే నోటిఫికేషన్ పర్మిషన్ అడుగుతున్నానని కూడా మీరే రాశారు. చిక్కంతా అక్కడే.

ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాప్‌కి నోటిఫికేషన్లు ఆఫ్‌లోనే ఉంటాయి. యూజర్ రెండుసార్లు వద్దంటే ఆ పర్మిషన్ బాక్స్ మళ్లీ రాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తనే ఆన్ చేసుకోవాలి. ఎవరు వెళ్తారు చెప్పండి?

1. మొదటి ఖర్చు రాసేదాకా పర్మిషన్ అడగొద్దు.

2. "టీ, 15 రూపాయలు" అని సేవ్ చేయగానే "రేపు ఎన్నింటికి గుర్తు చేయమంటారు?" అని అడగండి. యాప్ తయారుచేసేవాళ్లు చాలామంది ఈ ప్రశ్న అడగడమే వదిలేస్తారు. అందరికీ రాత్రి 9 అంటే కుదరదు. షాపు మూసి ఇంటికెళ్లేవాళ్లకి పదిన్నర, నైట్ డ్యూటీ వాళ్లకి పొద్దున్న. టైము వాళ్లు ఎంచుకున్నాకే పర్మిషన్ బాక్స్ చూపించండి.

3. రిమైండర్ నొక్కితే హోమ్ స్క్రీన్ కాదు, నేరుగా ఖర్చు రాసే పేజీ తెరుచుకోవాలి.

4. ఒక్కరోజు తప్పితే స్ట్రీక్ సున్నా చేయకండి. భాషలు నేర్పే డ్యువోలింగో యాప్‌లో ఉన్న స్ట్రీక్ ఫ్రీజ్ (ఒక రోజు తప్పినా లెక్క పోకుండా కాపాడేది) లాంటిది పెట్టండి.

రిమైండర్ ఆపేసే బటన్ మాత్రం దయచేసి దాచకండి.