రాతి మీద చెక్కించే ముందు

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులతో రాయునది.

నువ్వు అనంతపురంలో పాఠాలు చెప్పుకుంటూనే, కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల పోలీసుల చరిత్రను, విధి నిర్వహణలో ప్రాణాలు విడిచినవారి జీవితాలను ఒక పుస్తకంగా కూర్చడానికి పూనుకున్నావని మీ నాయన ఫోనులో చెప్పినప్పటి నుంచి సంతోషమూ దిగులూ రెండూ నన్ను వదలడం లేదు. మన ఇంట్లో ఖాకీ వేసుకున్నది నేనొక్కడినే. ఆ బట్టల్లో బతికినవాళ్ల గురించి రాయాలని మన ఇంటి ఆడబిడ్డకే తోచినందుకు గర్వంగా ఉంది. అయితే స్టేషన్ రైటరుగా ఆ కాగితాల మధ్యనే సర్వీసంతా గడిపిన పెదనాయన బతికి ఉండగా, ఈ సంగతి నాకు ఇంకొకరి నోట తెలియవలసి రావడం నాకు నచ్చలేదు. సరే, ఆ కోపాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు ముందు చెబుతాను. అనుమతి కోసం ఎస్పీ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ముట్టినట్టు సంతకం చేయించిన నకలు దగ్గర ఉంచుకో. పాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. పటాల వెనుక పెన్సిలుతోనే రాయి. ఎవరింటి నుంచీ అసలు పటం తెచ్చుకోవద్దు. వాళ్ల ఇంట్లోనే పగటి వెలుతురులో ఫోటో తీసుకుని, వాళ్ల చేతికే తిరిగి ఇవ్వు.

మొదటి అధ్యాయం 1861 పోలీసు చట్టంతో మొదలుపెడతావని మీ నాయన అన్నాడు. మన సీమకు అది సరిపోదు. నిజాం 1800లో మన ప్రాంతాన్ని కంపెనీకి వదిలిపెట్టిన నాటికే ఊరూరా తలారులు, కావలివాళ్లు, కట్టుబడి బంట్రోతులు ఉన్నారు. కర్నూలు నవాబుల చేతి నుంచి పోయింది 1839లో. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండింది. అంటే మూడు జిల్లాల కథ ఒకేచోట మొదలవదు. 1816 తర్వాత శిస్తు వసూలు చేసే యంత్రాంగం చేతికే పోలీసు అధికారం కూడా వచ్చింది. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టి హింసించేవాళ్ల మీద ఫిర్యాదు వినవలసినవాళ్లు కూడా వాళ్లే అయ్యారు. దాని మీద విచారణ జరిపిన మద్రాసు కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తునూ పోలీసునూ విడదీసి, ఇప్పటి శాఖకు పునాది వేసిన మద్రాసు పోలీసు చట్టం 1859లో వచ్చింది. మన శాఖ పుట్టుకలోనే జనం పడిన బాధ ఉంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారిని ఉరితీసిన పాలన కూడా మన కథలోనిదే. ఇవి రాస్తే పోలీసులను తక్కువ చేసినట్టవుతుందని నీకు ఎవరైనా చెబితే వినవద్దు. ఇవి దాచిన పుస్తకంలో తర్వాత వచ్చే వీరుల పేర్లను కూడా చదివేవాడు నమ్మడు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు పోలీసులమే కాబట్టి, అంతకు ముందటి ఉత్తర్వులకు, ఏటేటి పోలీసు పరిపాలన నివేదికలకు నువ్వు చెన్నై ఎగ్మూరులోని ప్రాచీన పత్రాల భాండాగారానికి వెళ్లక తప్పదు. అయినా ముందు అక్కడికి వెళ్లవద్దు. అక్కడి కాగితాలకు కాపలా ఉంది. స్టేషన్లలోని కాగితాలకు లేదు. స్టేషన్లో ఏ రోజు సంగతులు ఆ రోజు రాసే జనరల్ డైరీలకు, ముగిసిన కేసుల కట్టలకు గడువు తీరితే ధ్వంసం చేయమనే నిబంధన ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చినప్పుడు కార్యాలయాల మధ్య ఫైళ్లు కూడా పంచుకోవలసి వచ్చింది. ఏ బీరువాలోది ఎక్కడికి చేరిందో గుర్తున్న గుమాస్తాలు పదవీ విరమణకు దగ్గరపడుతున్నారు. నువ్వు పరుగెత్తవలసింది వాళ్ల దగ్గరికి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీని కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఫ్యాక్షన్ గొడవలు ముదిరి ఉన్న రోజుల్లో ఒక ఊరికి కాపలాగా పెట్టిన పోలీసు పికెట్టులో ఒక కానిస్టేబుల్ ఉండేవాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఇంటివాళ్లను అడగకుండా రాసే హక్కు నాకు లేదు. రెండు వర్గాల మధ్య నాటుబాంబులు పడుతున్నప్పుడు వీధిలో చిక్కుకున్న ముసలివాళ్లను పక్క ఇంట్లోకి తోస్తుండగా అతని కడుపులో పెంకులు దిగాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో కొంత కోలుకున్నాడు, తర్వాత చీము పట్టి కొన్ని వారాలకు చనిపోయాడు. స్టేషన్ జనరల్ డైరీలో 'గాయపడగా ఆసుపత్రికి పంపడమైనది' అని మాత్రమే ఉంది. మరణ సమాచారం వేరే స్టేషనుకు పోయింది. కార్యాలయం రిజిస్టరులో 'వైద్య సెలవులో ఉండగా మృతి' అని పడింది. అదే సమయంలో కేసు కట్టలో మాత్రం దర్యాప్తు అధికారి హత్యాయత్నం సెక్షను 307ను హత్య సెక్షను 302గా మారుస్తూ కోర్టుకు పంపిన మెమో ఉంది. న్యాయస్థానం దృష్టిలో అది హత్య. కార్యాలయం దృష్టిలో అది జబ్బు.

కొన్నేళ్లకు అమరవీరుల స్తూపానికి పేర్ల పలక చేయించేటప్పుడు, ఆ పని అప్పగించిన వ్యక్తి ఆర్థిక సహాయం మంజూరైన ఒకే ఒక్క ఫైలు ముందు పెట్టుకుని జాబితా రాశాడు. దురుద్దేశం ఏమీ లేదు, తొందర ఉంది; పోలీసు అమరవీరుల దినం, అక్టోబరు 21 దగ్గరపడింది. ఇతని సహాయం కాగితాల్లో ఆగిపోయి ఉండడంతో పేరు ఆ ఫైలులో లేదు. ఆహ్వానాలు కూడా ఆ జాబితా చూసే పంపారు. అయినా అతని భార్య ఎవరో చెప్పగా విని, కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. పెరేడ్ ముగిసి, బ్యూగిల్ ఆగి, అధికారులు పూలగుచ్ఛాలు పెట్టి వెళ్లాక, ఆ పిల్లవాడు పలక దగ్గరికి పోయి పైనుంచి కిందికి చదివాడు. తర్వాత కిందినుంచి పైకి చదివాడు. ఆ రోజు బందోబస్తులో నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

ఆమె తరఫున అర్జీలు నేను రాసిపెట్టాను. మెమో నకలు బయటికి తీయడానికే చాలా కాలం పట్టింది. చివరికి పేరు చెక్కారు, తేదీల వరుస తప్పి అందరికంటే అడుగున. అందులోనూ ఇంటిపేరు మరొకరిది పడింది. అదే పేరుగల ఇంకో కానిస్టేబుల్ జీతాల బిల్లులో ఉన్నాడు, చూసి రాసినవాడు నంబరు సరిచూసుకోలేదు. "నంబరు రాస్తిరి, పేరు రాస్తిరి, ఇంటిపేరు మాత్రం ఎవరిదో పెడితిరి కదన్నా" అని ఆమె నాతో అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకని నీకు ఆజ్ఞగా చెబుతున్నాను. ఏ ఒక్క రిజిస్టరును నమ్మి ఏ ఒక్క పేరూ రాయవద్దు. ప్రతి మనిషికీ స్టేషన్ డైరీ, ఎఫ్.ఐ.ఆర్., సెక్షన్ మార్పు మెమో, శవపంచాయితీ, సర్వీసు రిజిస్టరు చివరి పుట చూడు. దొరకనిది ఏదో ఆ పుటలోనే రాసిపెట్టు. నంబరును గుర్తుగా తీసుకోవద్దు, ఒకరు పోతే ఆ నంబరు మరొకరికి ఇస్తారు. అక్టోబరు 21న చదివే జాబితా సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు ఉంటుంది కాబట్టి, సంవత్సరాలు ఒకటి అటూ ఇటూ పడతాయి. ఇవన్నీ అయ్యాక, అచ్చుకు ఇచ్చే ముందు, ఆ పుట తీసుకుని ఇంటికి వెళ్లి గట్టిగా చదివి వినిపించు. ఇంటిపేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు వాళ్లు ఎట్లా చెబితే అట్లా దిద్దు.

ఎవరిని చేర్చాలో కూడా ముందే తేల్చుకో. చనిపోయిన చోటు ప్రకారం రాస్తే, 2008 జూన్ 29న ఒడిశాలో బలిమెల జలాశయం మీద మావోయిస్టుల దాడికి గురైన మన గ్రేహౌండ్స్ పోలీసు దళంలాంటి చోట ప్రాణమిచ్చిన సీమ పిల్లవాడు నీ పుస్తకంలోకి రాడు. పుట్టిన ఊరు ప్రకారం రాస్తే, ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ పనిచేసి పోయినవాళ్లు రారు. నా మాట అడిగితే రెండు రకాలవాళ్లనూ రాయి. హోంగార్డులను, జీపు డ్రైవర్లను విడిచిపెట్టవద్దు. కడప ఎస్పీగా పనిచేసి, 1999 సెప్టెంబరు 4న హైదరాబాదులో బలైన ఉమేశ్‌చంద్ర గారికి విగ్రహం ఉంది, ఆయనను తలుచుకునేవాళ్లు ఉన్నారు. కానిస్టేబుల్‌కు పలక మీద ఒక్క వరుస ఉంటుంది. 1959 అక్టోబరు 21న లడఖ్ హాట్ స్ప్రింగ్స్‌లో చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయిన పదిమంది పేరిట దేశమంతా ఈ దినం పాటిస్తోంది. ఆ పదిమంది పేర్లు మన స్టేషన్లలో ఎంతమందికి తెలుసు? నీ పుస్తకంలో ఆ పదీ మొదటి పుటలో ఉండాలి.

ఒక్కొక్కరి చావు గురించి ఒక పేరా చాలు. మిగిలినదంతా అతని ఉద్యోగం గురించి రాయి: ఏ జాతరలో బందోబస్తు చేశాడు, ఏ పికెట్టులో ఎన్ని పండుగలు గడిపాడు, తప్పిపోయిన ఎవరి బిడ్డను వెతికి తెచ్చాడు. ఇవి మగవాళ్లను అడిగితే రావు. క్వార్టర్సులో పక్కింట్లో కాపురమున్న ఆడవాళ్లను అడుగు.

నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని భయం ఒకటుంది. పాత డైరీల్లో, కేసు కట్టల్లో సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు అక్కడక్కడా కనిపిస్తాయి. అవి ఎంత పాతవైనా, ఆ మనిషి పోయినా, నీ నోటుపుస్తకంలోకి కూడా ఎక్కించవద్దు. ఆ ఊళ్లలో మనవళ్ల తరం బతుకుతోంది; ముప్పై ఏళ్ల కిందటి మాట కోసం ఒక ఇంటి మీదికి పోగల మనుషులు ఇంకా ఉన్నారు. ఫ్యాక్షన్ కేసుల్లో ముద్దాయిల పేర్లు కోర్టు తీర్పులో ఉన్నంతవరకే రాయి. ఆ ఊళ్లకు ఒంటరిగా వెళ్లవద్దు, చీకటి పడకముందే తిరుగుబస్సు ఎక్కు. నీకు ధైర్యం లేదని అనడం లేదు. చిన్నప్పుడు నువ్వు నా టోపీ పెట్టుకుని వాకిట్లో కవాతు చేసినప్పుడు నవ్వినవాడిని, ఇప్పుడు నిన్ను ఆ ఊళ్లకు పంపాలంటే నాకు చేతులు రావడం లేదు.

దసరా సెలవుల్లో కర్నూలుకు రా. నాతో పనిచేసిన ఇద్దరు రైటర్లు ఇక్కడే ఉన్నారు, ఒకాయనకు చూపు తగ్గింది గాని ఏ కేసు ఏ కట్టలో ఉండేదో ఇప్పటికీ చెబుతాడు. ఉదయం పూట ఆయనకు ఓపిక ఉంటుంది, అప్పుడే కూర్చోబెడతాను. నేను చెప్పిన ఆ ఇంటికి కూడా ఇద్దరం కలిసి వెళదాం. ఆమెను అడిగి, ఒప్పుకుంటే, ఆ పది పేర్ల తర్వాత మొదటి జీవితం ఆమె భర్తదే రాద్దువు.

ఇట్లు,
నీ పెదనాయన